ప్రతి మాటకూ సొంతూరు అడిగే మనిషి

మొన్న నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి పోయే బస్సులో వెనక సీటాయన లవంగం కొరికాడు. మే నెల ఎండ, కదలని కిటికీ అద్దం, ఒళ్లో ఎవరిదో పిల్ల. ఇవన్నీ ఓర్చుకుని కూర్చున్నదాన్ని, ఆ ఘాటు ముక్కుకు తగలగానే గిర్రున వెనక్కి తిరిగాను. ఎవరో తలపాగా పెద్దమనిషి. శరణప్ప సార్ కాదు. ఎలా అవుతారు, ఆయన పోయి చాలా ఏళ్లయింది. అయినా సరే, నాకు ముందు చిరాకే వచ్చింది. దిగులు ఆ తరువాత ఎప్పటికో వచ్చింది. ఆయన్ను ఎరగనివాళ్లకు ఇది మర్యాద లేని మాటలా అనిపించవచ్చు. ఆయన బుగ్గన లవంగం పెట్టుకున్నారంటే ఏదో ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు మొదలవుతున్నాయని అర్థం. ఇక ఆ పీరియడు పోయినట్టే. అలా పోయిన పీరియడ్లన్నీ తరువాత పూడ్చింది నేనే కాబట్టి, నా చిరాకు మీద నాకు హక్కుంది.

రెండు వేల ఐదు ప్రాంతంలో నాగర్‌కర్నూల్‌లో హాస్టలు ఉన్న ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో ఆయన పెద్ద ఇంగ్లీషు టీచరు, నేను కొత్తగా చేరిన చిన్న టీచరును. మాది గోపాల్‌పేట, వేరుశనగ పండించే ఇల్లు. వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు నేను "వస్త, పోత" అన్నప్పుడల్లా ఒక లెక్చరరు తాను నవ్వి, తరగతిని కూడా నవ్వించేవాడు. ఆ మూడేళ్లలో ఇంగ్లీషు ఎంత వచ్చిందో చెప్పలేను గాని, మా ఊరి మాటను గొంతులోనే నొక్కిపెట్టి పుస్తకాల తెలుగు మాట్లాడటం మాత్రం బాగా వచ్చింది. శరణప్ప సార్‌ది గద్వాల అవతల, రాయచూరు దారిలో ఒక పల్లె. ఇంట్లో కన్నడం, బజారులో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఏ భాషలో మొదలుపెట్టి ఏ భాషలో తేలతారో ఆయనకే తెలిసేది కాదు. మొదటిరోజు స్టాఫ్‌రూములో ఆయన ముందు నిలబడి, "నమస్కారమండీ. నా టైంటేబుల్ ఏమిటండీ?" అని అడిగాను.

"ఏ ఊరమ్మా?" అన్నారు తలెత్తకుండానే.

"గోపాల్‌పేట అండీ."

"గోపాల్‌పేటల ఏమిటండీ అంటరా? నేనెన్నడు ఇనలే. ఏడ దొరికిందమ్మా నీకు గా మాట?"

స్టాఫ్‌రూము మొత్తం నవ్వింది. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. నేను అలిగిన సంగతి ఆయన గమనించలేదని తెలిశాక ఇంకో వారం కోపం వచ్చింది.

ఆయన హాజరు తీసుకునే పద్ధతి వేరు. పేరు పిలిస్తే పిల్లలు "ప్రెజెంట్ సార్" అనకూడదు. ఒక ఇంగ్లీషు మాట చెప్పి, దాని సొంతూరు చెప్పాలి. ఆయన బల్ల మీద పత్తి గింజల సంచి గుడ్డతో అట్ట వేసిన లావుపాటి నిఘంటువు ఉండేది. "కాట్ సార్, హిందీ వాళ్ల ఖాట్ నుంచి." "టొమాటో సార్, మెక్సికో." "కాఫీ సార్, అరబ్బీ." "నైఫ్ సార్, ఉత్తరాన సముద్రం మీద తిరిగేటోళ్లది." ఎవరైనా మాట తేకపోతే "టుమారో సార్" అంటే చాలు, రేపు తెస్తారన్న నమ్మకంతో ఆయన హాజరు వేసేసేవారు. నలభై మంది పిల్లలు, నలభై మాటలు. సగం పీరియడు హాజరుకే సరి. తక్కిన సగం ఎవరో ఒక పిల్లవాడి మాట మీద కొట్లాట. అర్ధసంవత్సర పరీక్షలు వచ్చేనాటికి ఆయన మూడో పాఠం దగ్గర ఉండేవారు. మిగతా పాఠాలు ఆదివారాలు ప్రత్యేక తరగతులు పెట్టి నేను పూర్తిచేయాలి. ఒకరోజు ఇక తట్టుకోలేక అడిగేశాను.

"సార్, బ్యాండికూట్ మన పందికొక్కు నుంచి పోయిందని పిల్లలందరికీ వచ్చు. ఉత్తరం రాయమంటే మాత్రం ఒక్కరికీ రాదు. పరీక్షలో పందికొక్కు గురించి అడగరండీ!"

"అడగరు," అన్నారు ఎంతో సంతోషంగా. "గందుకే నేను చెప్తున్న. అడిగేటియి నువ్వు చెప్తున్నవు గద." లవంగం అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకు మారింది. "ఇగో విజయమ్మా, ఇంగ్లీషోని ఇంటికి పోయి సూడు. గిన్నె ఒకరిది, చెంచ ఒకరిది, సాప ఒకరిది, ఆకిట్ల కట్టేసిన పందికొక్కు మనది. జర సిగ్గన్న పడుతడా? అన్నీ మావే అంటడు. మన పిల్లలేమో సొంత ఇంట్ల సొంత మాట మాట్లాడనీకి సిగ్గుపడుతుండ్రు. గిదేం పరేషాన్?"

మన పిల్లలు అన్నారు గాని చూపు నా మీదే ఉంది. నాకు మండుకొచ్చింది. మాటలు ఎక్కడివైతేనేం, నాకు ఉద్యోగం నిలబడాలి. ఆరో తరగతికి చెప్పే నేను పైతరగతులకు చెప్పే స్థాయికి పోవాలి. మా ఇంట్లో మొదటిసారి జీతం తెచ్చిన ఆడపిల్లను నేను.

బడి యజమానిని అందరూ కరస్పాండెంట్ సార్ అనేవారు. అంతకుముందు ఆయన గద్వాలలో పత్తి విత్తనాల వ్యాపారం చేశాడు. విత్తనాల్లాగే ఇంగ్లీషు కూడా తొందరగా మొలవాలని ఆయన ఆశ. ఆ ఏడాది తల్లిదండ్రుల సమావేశంలో ఒక రైతు లేచి, "గింత ఖర్సు పెడుతున్నం, మా పిలగాడు ఇంటికొస్తె తెలుగే మాట్లాడుతుండు," అన్నాడు. ఇంటికి వచ్చిన పిల్లవాడు తండ్రితో ఇంకే భాష మాట్లాడాలో ఎవరూ అడగలేదు. మరునాడు కరస్పాండెంట్ మమ్మల్ని పిలిచి కేకలేశాడు. అప్పుడు నేనొక ఉపాయం చెప్పాను. ఇది ఇంకెవరో చెప్పారని రాయాలని ఎంతో ఉంది. కాని చెప్పింది నేనే. బూట్ల డబ్బా మూత కత్తిరించి, "ఐ యామ్ ఎ డాంకీ" అని స్కెచ్ పెన్నుతో అందంగా రాసి, సుతిలి తాడు కట్టాను. తెలుగు మాట్లాడిన పిల్ల మెడలో అట్ట. ఇంకొకరు తెలుగు మాట్లాడగా ఆ పిల్ల పట్టుకుంటే అట్ట వాళ్ల మెడలోకి మారుతుంది. చివరి గంటకు ఎవరి మెడలో ఉంటే వాళ్లు ఆగి, ఇక తెలుగు మాట్లాడనని వందసార్లు రాయాలి. కరస్పాండెంట్ మురిసిపోయాడు. "గిట్లుండాలె టీచర్ అంటే," అన్నాడు అందరి ముందు. ఆ రోజు నేను ఎంత పొంగిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే నాలుగు తగిలించుకోవాలనిపిస్తుంది.

శరణప్ప సార్ ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చూశారు. తిడతారనుకున్నాను. ఆయన నిఘంటువు తెరిచారు. పది నిమిషాలు వెతికారు.

"డాంకీ అన్న మాట ఏడికెళ్లి వచ్చిందో ఎవరికి తెల్వదంట," అన్నారు. "పిల్లల మెడల ఏసేటప్పుడు జర ఊరున్న మాటన్న ఏయకపోతివా అమ్మా?"

ఆయన మీద నా కోపమంతా ఇక్కడే. ఇది తప్పు, తీసెయ్ అని ఒక్క ముక్క అనవచ్చు కదా? అనరు. దాని బదులు తన పీరియడ్లలో ఒక కోర్టు మొదలుపెట్టారు. ఆరో తరగతికి ఆయనకు వారానికి రెండు పీరియడ్లు ఉండేవి. అట్ట వేసుకున్న పిల్లను ముందుకు పిలిచి, "ఏం మాటన్నవు బిడ్డా?" అని అడిగేవారు. జంగల్ అన్నాను అంటే, అది ఇంగ్లీషు నిఘంటువులో ఉంది కాబట్టి నేరం లేదు, అట్ట తీసెయ్. లూటీ అన్నాను, అదీ ఉంది, తీసెయ్. షక్కర్ అన్నాను, షుగర్ దాని చుట్టమే, తీసెయ్. ఒక పిల్లవాడు కుర్చీ అన్నందుకు దొరికితే, కుర్చీ అరబ్బీ మాట కాబట్టి వాడు తెలుగే మాట్లాడలేదని తీర్పు ఇచ్చారు. పిల్లలు తెలివిమీరిపోయారు. నా పీరియడుకు వచ్చేసరికి అట్ట గోడమేకుకు వేలాడుతూ ఉండేది, తరగతి మొత్తం పళ్లికిలిస్తూ ఉండేది. నేను పోయి కరస్పాండెంట్‌కు చెప్పాను. అవును, చాడీలు కూడా చెప్పాను. ఆయన సార్‌ను పిలిపించాడు.

"స్కూల్ అన్న మాట గ్రీకోళ్లది," అని మొదలుపెట్టారు సార్. "వాళ్ల భాషల తీరిక అని దాని అర్థం."

"ఖాళీగ కూసునేదా బడంటే? సార్, నీకు దండం పెడత, జర సిలబస్ సూడు," అన్నాడు కరస్పాండెంట్.

అది వింటూ పక్కనే ఉన్న నాకు ఆ పూట ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ విసుగొచ్చిందో చెప్పలేను.

సారూ నేనూ ఇలా అట్ట మీద పోట్లాడుకుంటుంటే, అట్ట జోలికే రాని పిల్ల ఒకతి మా కళ్లముందే ఉంది. పేరు లింగమ్మ. నల్లమల అడవిలోని మన్ననూర్ చెంచుల పిల్ల. తండ్రి ఈదయ్య అటవీశాఖలో రోజుకూలీ వాచరు. ఎవరో అధికారి చెప్పి, ఆ పిల్లను మా హాస్టల్లో చేర్పించాడు. వచ్చిన కొత్తలో గలగలా మాట్లాడేది. ఆమె మాట తీరు వేరు, సాగతీత వేరు. గద్వాల విత్తన రైతుల పిల్లలు దాన్ని అనుకరించి పడీపడీ నవ్వేవారు. వాళ్ల తెలుగును చూసి హైదరాబాద్‌లో నవ్వేవాళ్లు ఉన్నారని వాళ్లకింకా తెలియదు. నేను ఆ నవ్వును ఆపాను, అదీ ఎలాగంటే "స్పీక్ ఇన్ ఇంగ్లిష్!" అని అరిచి. అట్ట వచ్చిన నెలకు లింగమ్మ మాట్లాడటం మానేసింది. పిలిస్తే లేచి నిలబడుతుంది, నోట్సు రాస్తుంది, అన్నానికి వరసలో నిలబడుతుంది. నాకు ఎంతో నచ్చింది. "లింగమ్మను చూసి నేర్చుకోండి, ఒక్క తెలుగు ముక్క మాట్లాడదు," అని తరగతిలో చెప్పేదాన్ని.

అర్ధసంవత్సర పరీక్షల తరువాతి వేడుకలో, మొత్తం టర్ములో ఒక్కసారి కూడా అట్ట వేసుకోని పిల్లకు బహుమతి ఇవ్వాలన్నదీ నా ఆలోచనే. లింగమ్మకు జామెట్రీ బాక్సు ఇచ్చి, మెడకు ఎర్ర రిబ్బను వేసి, బడిలో మంచి ఇంగ్లీషు మాట్లాడే అమ్మాయి అని మైకులో ప్రకటించాం. మూడు నెలలుగా నోరు తెరవని పిల్లకు మాట్లాడినందుకు బహుమతి! అందరం చప్పట్లు కొట్టాం. శరణప్ప సార్ కూడా కొట్టారు. నాకు బాగా గుర్తుంది, ఆయన లేచి నిలబడి మరీ కొట్టారు.

తరువాతి ఆదివారం ఈదయ్య బిడ్డను చూడటానికి వచ్చాడు. సంచిలో ఉడకబెట్టిన గెనుసుగడ్డలు తెచ్చాడు. హాస్టల్ డ్యూటీ నాదే. వరండాలో ఇద్దరూ గంటసేపు కూర్చున్నారు. తరువాత అతను చెప్పులు విడిచి నా గది ముందుకు వచ్చాడు.

"మేడం, పిల్లకు గొంతుల గిట్ల ఏమన్న అయిందా? దవాఖానకు తీస్కపోవాల్నా?"

"లేదే, బాగానే ఉందండీ. మొన్న బహుమతి కూడా వచ్చింది."

"దేనికి మేడం?"

"తెలుగు మాట్లాడనందుకు."

అతను నన్నే చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నిజంగానే తెలియక అడుగుతున్నట్టు అడిగాడు.

"మల్ల ఏం మాట్లాడుతది?"

ఇంగ్లీషు అనబోయాను. ఆ పిల్ల నోట ఒక్క ఇంగ్లీషు వాక్యం కూడా నేను వినలేదు. అప్పుడే లోపలికి వస్తున్న శరణప్ప సార్ ఆ మాట విని అక్కడే నిలబడిపోయారు. ఈదయ్య ఆయన వైపు తిరిగాడు. "సారూ, గంటసేపటి సంది అడుగుతున్న. అమ్మ మంచిగున్నదంటే తల ఊపుతది. మేక ఈనిందంటే తల ఊపుతది. నాతోని గుడ మాట్లాడ్తలేదు. నాల్గు దినాలు ఇంటికాడ పెట్టుకుంట." లింగమ్మ పెట్టె సర్దుకుని వచ్చింది. జామెట్రీ బాక్సు హాస్టల్ మంచం మీదే వదిలేసింది.

నాలుగు రోజులు పది రోజులయ్యాయి. పిల్ల రాలేదు. వచ్చే ఆదివారం మన్ననూర్ పోదామని సార్ అన్నారు. ఆ ప్రయాణం ఎందుకు ఒప్పుకున్నానా అని అచ్చంపేట చేరేలోపే ఏడుపొచ్చింది. లోపల నాకు ఎలా ఉందో ఆయనకు పట్టలేదు. జంగిల్ అన్న మాటకు అసలు అర్థం దట్టమైన అడవి కాదట, ఎండిపోయిన మెట్టనేలట, కాబట్టి నల్లమల కంటే మన గోపాల్‌పేట చెలకలే అసలైన జంగిలట. పైగా నాకు చూపించడానికి నిఘంటువు కూడా సంచిలో వేసుకుని వచ్చారు. లవంగం ఘాటు, కుదుపులు, ఆ గొంతు. నాకు తెలియకుండానే అరిచేశాను.

"సార్, మీకు కాల్మొక్కుత, జర సప్పుడు జెయ్యకుండ కూసోరి! ఆ పిల్ల నాతోని మాట్లాడకపోతె ఏం జెయ్యాల్నో తెల్వక నేను సస్తుంటే, మీకు జంగిల్ గావాల్నా?"

బస్సులో అందరూ తిరిగి చూశారు. ఉద్యోగంలో చేరాక మా ఊరి మాట నా నోట రావడం అదే మొదటిసారి. ఆయన ఏదో అంటారని ఎదురుచూశాను. పుస్తకం సంచిలో పెట్టేసి, "హౌదమ్మా," అని కన్నడంలో ఒప్పుకుని, మన్ననూర్ వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఈదయ్య ఇల్లు ఇంకా యాభై అడుగుల దూరం ఉండగానే నవ్వులు వినిపించాయి. ఇంటి వెనక పదిమంది ఆడవాళ్లు, పిల్లలు కూర్చుని ఉన్నారు. మధ్యలో లింగమ్మ నిలబడి మా బడి మొత్తాన్ని ఆడి చూపిస్తోంది. కరస్పాండెంట్ నడక, వార్డెన్ దగ్గు. బుగ్గలో లవంగం అటూ ఇటూ తిప్పుతూ శరణప్ప సార్. ఆ తరువాత కొంగు సర్దుకుని, ముక్కు ఎగబట్టి, "ఏమిటండీ, ఏమిటండీ" అని నేను. ఎంత గొంతు ఆ పిల్లది! ఒక ముసలమ్మ నవ్వలేక నేలను చరుస్తోంది. మాట పోయిందని తండ్రి దవాఖానకు తీసుకుపోదామనుకున్న పిల్ల ఆమే. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది. ఒక అడుగు ముందుకు వేశాను.

ఆమె నన్ను చూసింది. నోరు టక్కున మూతపడింది. కుడిచెయ్యి దానంతట అదే మెడ మీదికి పోయి, సుతిలి ఉందేమోనని తడుముకుంది.

మేము అక్కడ చాలాసేపే ఉన్నాం. మంచం వేశారు, చాయ్ ఇచ్చారు. లింగమ్మ తల్లి వెనక నిలబడి నేలను చూస్తూనే ఉంది. క్షమించమని పదకొండేళ్ల పిల్లను ఎలా అడగాలో నాకు తెలియలేదు. తెలిసిన రెండు రకాల తెలుగుల్లో, వచ్చీరాని ఇంగ్లీషులో ఒక్క మాట దొరకలేదు. ఈదయ్య మర్యాదగానే చెప్పాడు: "ఈడి ఆశ్రమ బడిల ఏస్త సారూ. చదువు జర తక్కువైనా మంచిదే. ఆడ మావోళ్లే ఉంటరు, నవ్వేటోళ్లు ఉండరు." సార్ ఆ రోజు ఎవరినీ ఏ మాటకూ ఊరు అడగలేదు. తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు మాత్రం, నేను అడగకుండానే అన్నారు.

"మూడు నెల్ల సంది నా క్లాసుల ఆ పిల్ల టుమారో సార్ అంటనే ఉండె, గది దప్ప ఇంకొక మాట లేదు. నేను హాజరు ఏస్తనే ఉంటి. మాటల ఎంబడి పడి, మాట్లాడని పిల్లను సూడనే లేదమ్మా. నీ అట్ట ఒక్కటే కాదు. నా ఆట గుడ ఉన్నది దీంట్ల."

ఆయన నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది. తప్పులో సగం తన నెత్తిన పెట్టుకుంటే ఇక నేనేం చేయాలి? సోమవారం పొద్దున ఆయన కరస్పాండెంట్ గదిలోకి పోయి, తనకు వచ్చిన నాలుగు భాషల్లోనూ, స్టాఫ్‌రూము దాకా వినబడేలా అరిచారు. ఇది పాపం అన్నారు, సిగ్గులేదా అన్నారు. ఆ అరుపేదో మూడు నెలల ముందు అరిచి ఉంటే ఏం పోయేదని ఆయన మీద మళ్లీ కోపం వచ్చింది నాకు. అట్టను నేనే ముక్కలు చేశాను. దాంతో కథ మారిందనుకోకండి. జూన్‌లో కొత్తగా వచ్చిన టీచరు ఒకాయన ప్లాస్టిక్‌ది చేయించాడు, అది చినగదు కాబట్టి. అప్పటికి సార్ మానేసి గద్వాల పోయారు. నాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. లింగమ్మ పదో తరగతి పాసయిందని ఎవరో చెప్పారు. ఆ తరువాత సంగతి తెలియదు.

ఇప్పుడు నా తరగతిలో కూడా హాజరుకు మాట చెప్పాలి. ఇంగ్లీషే కానక్కరలేదు, ఇంట్లో అనే మాట ఏదైనా సరే. లంబాడి పిల్లలు ఉన్నారు, ఉర్దూ పిల్లలు ఉన్నారు, కర్నూలు వైపు నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలు ఉన్నారు. సిలబస్ వెనకబడుతుంది. మీ క్లాసు మరీ గోల మేడం అని హెడ్మాస్టరు మూడు పూటలా అంటారు. తాము గుమ్మంలో అడుగు పెడితే చాలు, పిల్లలు గప్‌చుప్ అయిపోతారని తోటి టీచర్లు గర్వంగా చెప్పుకుంటారు. దాన్ని వాళ్లు గౌరవం అంటారు. నేను వెళ్లగానే గోల ఆగిపోతే నాకు మాత్రం భయం. ఎవరి చెయ్యైనా మెడ మీదికి పోయిందా అని వరస వెంట వరస చూసుకుంటాను. "ఏంది పిల్లలూ, ఎందుకు ఆపిన్రు? కానియ్యుండ్రి," అంటాను. వాళ్లు మళ్లీ మొదలుపెట్టేదాకా హాజరు పట్టీ తెరవను.